ప్రమాణ చేగోడీ

కోర్టు వరండాలో నిలబడి వాసంశెట్టి నూకరాజు ఒక పేరు పిలిచాడంటే, ఆ పేరుగల మనిషి రోడ్డవతల హోటల్లో ఇడ్లీ తింటున్నా సరే, చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తుకు రావలసిందే. ఆ పేరు లేనివాళ్లు కూడా ఒకసారి ఉలిక్కిపడి, తమమీద ఎవరైనా దావా వేశారేమోనని గుర్తుచేసుకునేవారు. గొంతు అలాంటిది. ఊరి పేరు ఎందుకులెండి. గోదావరి కాలవ పక్కన ఓ కోర్టూ, రెండు సినిమాహాళ్లూ, వాటికి చాలినన్ని తగాదాలూ ఉన్న ఊరు.

పిలవడమంటే ఊరికే అరవడం కాదని ఆ బిళ్ల బంట్రోతు నమ్మకం. ఏ పేరైనా మూడుసార్లు పిలవాలి. మొదటి పిలుపు దగ్గరున్నవాడికి, రెండోది గోడ నీడన కునికేవాడికి, మూడోది రావడం ఇష్టం లేనివాడికి. అప్పటికీ రాకపోతే లోపలికి తిరిగి, చేతులు కట్టుకుని, "పిలిచినా పలకలేదండి" అనాలి. ఆ ఒక్క మాటతో వాది అయితే దావా కొట్టేస్తారు, ప్రతివాది అయితే అతను లేకుండానే తీర్పు చెప్పేస్తారు. జడ్జిగారి కలానికీ లోకానికీ మధ్య ఉన్నది తన దవడేనని నూకరాజు ఎవరితోనూ అనలేదుగానీ, ఇత్తడి బిళ్ల పట్టీ భుజానికి అడ్డంగా వేసుకున్నప్పుడల్లా అనుకునేవాడు.

ఆ దవడే మొరాయించింది. మొదట చెవి ముందర టిక్కుమని చప్పుడు. తర్వాత ముద్ద నమిలితే కణత దాకా సలుపు. కొన్నాళ్లకి పొద్దున్న లేచేసరికి నోరు రెండు వేళ్ల సందుకు మించి తెరుచుకోవడం మానేసింది. ఓ సోమవారం నాడు ఒక ముసలి రైతు పేరు పిలుస్తుంటే మూడో పిలుపు పళ్ల వెనకే ఉండిపోయింది. గోడవతల టీ తాగుతున్న రైతుకు వినపడలేదు. తండ్రి నాటినుంచీ నడుస్తున్న గట్టు తగాదా ఆ నిమిషంలో కొట్టుకుపోయింది. రైతు వరండా మెట్టుమీద కూలబడి ఏడుస్తుంటే నూకరాజు ఎటు చూడాలో తెలియక తన బిళ్ల వైపు చూసుకున్నాడు.

జడ్జిగారు మంచివారే. "నెల సెలవు ఇస్తున్నాను. దవడ బాగుందని దవడ వైద్య సంస్థ నుంచి సర్టిఫికెట్ తెస్తే వరండా నీది. తేలేకపోతే రికార్డు గదికి వెళ్లు" అన్నారు. రికార్డు గదిలో పిలవడానికి మనుషులుండరు. ఎలకలుంటాయి, అవి పిలిస్తే రావు.

*

ఆ వైద్య సంస్థ ఒకప్పుడు మామూలు పళ్ల ఆసుపత్రి. పుచ్చుపళ్లు పీకేవారు, చిగుళ్లు కడిగేవారు, దవడ జారితే బొటనవేళ్లు పెట్టి ఎక్కించేవారు. రోగులు ఓసారి కెవ్వుమని ఇంటికి పోయేవారు. ఇందులో శాస్త్రమేమీ లేదన్న సంగతి డైరెక్టర్ డాక్టర్ విశ్వపతిగారికి ఒక చలిదేశపు మహాసభలో తెలిసింది. అక్కడెవరో తెరమీద మనిషి నమిలే కండరాల బొమ్మ వేసి చూపించారు. దవడ పక్కదీ, కణత మీదదీ, లోపల దాక్కున్నదీ, అన్నీ రంగురంగుల్లో ఉబ్బుతూ సన్నబడుతూ కనిపించాయి. డైరెక్టరుగారు ఆ రోజు విందు భోజనం ముట్టుకోలేదట. నమలడం గురించి అంతగా ఆలోచించే మనిషికి నమిలే తీరిక ఎక్కడిది?

తిరిగొచ్చాక ఒక ఉత్తర్వు వచ్చింది. కండరాన్ని చూడకుండా రోగిని చూడటం ఇకమీదట నేరం. యంత్రం కూడా వచ్చింది. దానికి చల్లని గది కావాలన్నారు, పళ్లు పీకే వార్డు ఖాళీ చేశారు. దాని కరెంటు పెట్టెకు చిగుళ్ల విభాగం ఇచ్చారు. దానికోసం ఎదురుచూసేవాళ్లు కూర్చునే హాలుగా చికిత్స గది మారిపోయింది. చివరికి ఆ ఆసుపత్రిలో చికిత్సకు తప్ప అన్నిటికీ చోటు దొరికింది.

ఈ చరిత్రంతా నూకరాజు వరుసలో కూర్చున్నవాళ్ల దగ్గర విన్నాడు. మధ్యలో ప్రశ్నలు వేయడానికి నోరు లేదు గనక చాలా శ్రద్ధగా విన్నాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చిందట. విశ్రాంతిగా ఉన్న కండరం బొమ్మ ఎవరికి కావాలి? పనిచేస్తున్న కండరం కావాలి. అంటే బొమ్మ తీస్తున్నంతసేపూ రోగి ఏదో ఒకటి నమలాలి. ఒకడు బిస్కత్తూ ఇంకొకడు తమలపాకూ నమిలితే శాస్త్రం ఏమైపోవాలి? అందుకని ప్రమాణ నమలుడు పదార్థ నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం జిల్లాలో దొరికే సమస్త తినుబండారాలనూ తెప్పించుకుని, నమిలి, తీర్మానాలు రాసింది. పూతరేకు కండరమునకు తెలియకుండగనే కరిగిపోవుచున్నందున తిరస్కరించడమైనది. కాజా పాకము యంత్రములోనికి కారు ప్రమాదము కలదు. తేగ శీతకాలములో మాత్రమే లభ్యమగుచున్నది, కండరములు ఏడాది పొడవునా ఉండును. చెరకు నమిలిన పిమ్మట ఉమ్మివేయవలసి వచ్చును, ఆసుపత్రి ఆవరణలో ఉమ్మరాదని బోర్డు కలదు.

మిగిలింది చేగోడీ. గుండ్రంగా ఉండుటచేత ఏ దిక్కునుండి కొరికినను సమానమేనని ఉపసంఘం ఏకగ్రీవంగా మెచ్చుకుంది. అయితే ప్రతి చేగోడీ ఒకే గట్టిదనంతో ఉండాలి కదా. గట్టిదనం కొలిచే పరికరం పళ్ల ఆసుపత్రిలో లేదు. రోడ్లూ భవనాల శాఖ వాళ్ల దగ్గర ఇటుకలు పరీక్షించేది ఉంది. నమూనాలు అక్కడికి పంపారు. ఇటుకకంటే మేలైన రకమనీ, వంతెనలకు కూడా పనికొస్తుందనీ ఇంజినీర్లు రాసి పంపారు. ఉపసంఘం చైర్మన్‌గా డైరెక్టరుగారు సంతకం పెట్టారు. ప్రమాణ చేగోడీ పుట్టింది.

"వాసంశెట్టి నూకరాజు" అని లోపల్నుంచి ఎవరో పిలిచారు. ఒక్కసారే, అదీ కాగితంలోకి చూస్తూ, నిద్రలో పలవరించినట్టు. నూకరాజుకు ఒళ్లు మండింది. పిలుపంటే ఇదా?

బల్ల వెనక చిత్రీకరణ విభాగం సూపరింటెండెంట్ జగ్గారావు కూర్చున్నాడు. ఉప్మా తిన్న చేతిని రుమాలుతో తుడుచుకుని, మూతబిగించిన ప్లాస్టిక్ పొట్లంలోంచి ఒక చేగోడీ తీసి బల్లమీద పెట్టాడు. అది టంగుమంది.

"నోరు తెరిచి దీన్ని కుడివైపు పెట్టుకుని నమలండి. లోపల బొమ్మ తీస్తారు."

నూకరాజు నోరు తెరిచాడు. రెండు వేళ్ల సందు. చేగోడీ అడ్డంగానూ పట్టలేదు, నిలువుగానూ పట్టలేదు.

"ఆయన నోరే తెరుచుకోదండి బాబూ. అందుకే కదా ఇక్కడికొచ్చాం!" అంది పక్కనున్న భార్య పాపాయమ్మ. నూకరాజు నోరు మూతపడ్డప్పటినుంచీ ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడుతోంది.

"నమలకపోతే చిత్రం రాదమ్మా. చిత్రం లేకపోతే జబ్బు ఉన్నట్టు మా రికార్డుల్లో ఉండదు. జబ్బు లేనివాడికి చికిత్స ఎలా చేస్తాం?"

"జబ్బు లేదంటారా? ఆయ్, మరీ మంచిది. ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి. రేపు డ్యూటీలో చేరతారు."

జగ్గారావు జాలిగా చూశాడు. "జబ్బు లేదని రాయాలన్నా చిత్రం కావాలి కదా!"

"ఉందని రాయాలంటే?"

"దానికీ కావాలి."

"మరి మీరు ఏం రాస్తారండీ ఇక్కడ?"

"రోగి సహకరించలేదు అని రాస్తాం" అన్నాడు జగ్గారావు, రాస్తూ.

వరండాలో నూకరాజు తల పట్టుకుని కూర్చుంటే తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి పక్కన ఒక మోకాలు నేలకానించి కూర్చుంది. ఆవిడ డ్యూటీ డాక్టరు మెహరున్నీసా. అటూ ఇటూ చూసి, వేళ్లతో దవడ నొక్కి, చెవి ముందర కీలు మీద ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయమంది.

"భయపడాల్సింది ఏం లేదు మామయ్యగారూ. కండరం బిగుసుకుపోయింది. అరవద్దు. గంజి, మెత్తటి అన్నం తినండి. గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టుకోండి. నేను చూపించినట్టు నోరు కొంచెం కొంచెంగా తెరవడం సాధన చేయండి. వారాల్లో వదులవుతుంది. కానీ గట్టివి మాత్రం కొరక్కండి. కొరికితే ఈసారి జారిపోతుంది."

"ఇదేదో ఆ లోపలాయన చెప్పొచ్చు కదమ్మా!" అంది పాపాయమ్మ.

సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు అటు వచ్చారు. ఆయన నూకరాజును చూడలేదు. నూకరాజు దవడ మీద ఉన్న వేళ్లను చూశారు.

"డాక్టర్! చిత్రీకరణకు పూర్వమే రోగిని స్పృశించడమా? చేతివేళ్లతో రోగనిర్ధారణ చేయడమా? సంస్థను మీరు ఏ శతాబ్దానికి తీసుకెళ్లదలచుకున్నారు?"

"సార్, బాధపడుతున్నారు…"

"బాధ అనేది రోగి అభిప్రాయం. చిత్రం అనేది వాస్తవం."

మర్నాటికల్లా డాక్టర్ మెహరున్నీసాను పక్క ఊళ్లోని ప్రమాణ చేగోడీ నాణ్యతా విభాగానికి పంపేశారు. మనిషి దవడ ముట్టుకునే అవకాశం లేని చోటు ఆ సంస్థలో అదొక్కటే ఖాళీగా ఉంది.

*

ఇంట్లో గంజి, కాపడం, మౌనం. పాపాయమ్మ ఇల్లాలిగా జీవితంలో అంత ప్రశాంతత ఎరగదు. కొన్నాళ్లకి మూడో వేలు పట్టింది. ఇంకొన్నాళ్లకి పెరుగన్నం కణత సలపకుండా దిగింది. సెలవు చివరి వారం పొద్దున్నే నూకరాజు కాలవగట్టు మీద నిలబడి, గొంతు సవరించుకుని, "వాసంశెట్టి పాపాయమ్మా!" అని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపు కాలవ అవతలి కొబ్బరితోటలో మోగింది.

పాపాయమ్మ గరిటెతో సహా వచ్చి నిలబడింది. "వచ్చానయ్యా వచ్చాను. నాతోపాటు ఆ గట్టున ఇంకో పాపాయమ్మ కూడా బయల్దేరింది, దాన్ని వెనక్కి పంపు." అని, కళ్లు తుడుచుకుంది. నూకరాజు కూడా తుడుచుకున్నాడు. ఇక కావలసింది ఒక్క కాగితం ముక్క.

కాగితం కోసం వెళ్లింది సెలవు ఆఖరి రోజున. ఆసుపత్రి గేటుకు అరటిచెట్లు కట్టారు. యంత్రాన్ని లాంఛనంగా ప్రారంభించడానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారట. యంత్రం ఏడాదిగా నడుస్తూనే ఉంది, అయినా ప్రారంభం కాలేదు. నోరు చక్కగా తెరుచుకుంటున్న రోగి ఒకడు నడుచుకుంటూ రావడం చూసి జగ్గారావుకు ప్రాణం లేచొచ్చింది. వారం రోజులుగా చేగోడీ నోట్లో పట్టే మనిషి ఒక్కడూ దొరకలేదు. వచ్చినవాళ్లందరికీ దవడ జబ్బే.

"నాకు తగ్గిపోయిందండి. బాగుందని రాసి ఇప్పించండి, చాలు" అన్నాడు నూకరాజు.

"రాస్తాం. నమలండి."

"గట్టివి కొరకొద్దని డాక్టరమ్మ చెప్పారండి."

"ఏ డాక్టరు? వేళ్లతో చూసినావిడా?" జగ్గారావు గొంతు తగ్గించాడు. "చూడండి నూకరాజుగారూ, రేపు డ్యూటీలో చేరాలంటే ఇవాళ సర్టిఫికెట్ ఉండాలి. మీ ఇష్టం."

వరండా కళ్లముందు మెదిలింది. రికార్డు గది కూడా మెదిలింది. పాపాయమ్మ మోచెయ్యి పట్టుకుని వద్దంటూనే ఉంది. నూకరాజు చేగోడీ అందుకున్నాడు.

పెద్దలు పూలదండలతో సహా యంత్రం చుట్టూ నిలబడ్డారు. డైరెక్టరుగారు కర్ర పుచ్చుకుని తెర చూపిస్తూ, "ఇప్పుడు మనం చూడబోయేది ఒక సామాన్య పౌరుని నమలుడు" అని ఉపన్యాసం మొదలెట్టారు. నూకరాజు చేగోడీ మీద పళ్లు ఆనించాడు. అది కదల్లేదు. గట్టిగా నొక్కాడు. అది అసలు కదల్లేదు. నోరు బాగా తెరిచి, వెనక దంతాల మధ్యకు తోసి, ఉన్న బలమంతా పెట్టాడు. టక్కుమని చప్పుడైంది.

చేగోడీ చెక్కుచెదరలేదు. దవడ జారింది. నోరు బావురుమని తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మూయబోతే మూతపడలేదు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగి, "ఆ…" అన్నాడు నూకరాజు.

"అద్భుతం!" అన్నారు డైరెక్టరుగారు. ఆయన తెర వైపు చూస్తున్నారు. కండరాలు ఎన్నడూ లేనంతగా సాగి, తీగల్లా మెరుస్తున్నాయి. "ఇంత సంపూర్ణమైన విస్తరణ మా సంస్థలోనే ప్రథమం. గమనించండి, నోటి తెరుపు సాధారణ ప్రమాణాన్ని దాటిపోయింది!"

పెద్దలు చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు వంగి, బావురుమన్న ఆ నోటినీ, చెమ్మగిల్లిన ఆ కళ్లనూ ఫొటో తీశాడు. "సంతోషంతో మాట రావట్లేదు పాపం" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"సంతోషమేంటండీ! దవడ జారిపోయింది!" అని పాపాయమ్మ జనంలోంచి కేకేసింది. ఎవరూ వినిపించుకోలేదు. రోగి బంధువుల అభిప్రాయానికి ఆ కార్యక్రమంలో సమయం కేటాయించలేదు.

సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. నోటి తెరుపు: అత్యుత్తమం. కండరముల సాగుదల: అత్యుత్తమం. విధులకు యోగ్యుడు. కింద డైరెక్టరుగారి సంతకం. పాపాయమ్మ నూకరాజు తలచుట్టూ తువ్వాలు కట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. వాళ్లు దూరం నుంచే చూసి, దవడలకు వేరే సంస్థ ఉండగా తాము వేలు పెట్టకూడదని చెప్పి పంపేశారు. డాక్టర్ మెహరున్నీసా కోసం కబురు పెడితే, రేపు కోర్టుకు వస్తుందని తెలిసింది. చేగోడీ నాణ్యత గురించి ఆసుపత్రి తరఫున సాక్ష్యం చెప్పాలట.

*

జడ్జిగారు సర్టిఫికెట్ చదివారు. నూకరాజు నోటి వైపు చూశారు. మళ్లీ సర్టిఫికెట్ చదివారు.

"నిపుణుల సంస్థ యోగ్యుడని ధ్రువీకరించాక, కోర్టు తన కళ్లతో చూసి మరోలా అనుకోవడం సాక్ష్యాన్ని కాదనడం అవుతుంది" అన్నారు. "పిలువు."

నూకరాజు బిళ్ల పట్టీ సర్దుకుని వరండాలో నిలబడ్డాడు. చొల్లు బొట్లుబొట్లుగా ఇత్తడి బిళ్ల మీద పడుతోంది. మొదటి దావా వాది పేరు మనసులో అనుకుని పిలిచాడు.

"ఆ… ఆ… ఆ…"

ఆవరణలో జనం అతని వైపు చూశారు. ఎవరూ కదల్లేదు. లోపలికి తిరిగి చేతులు కట్టుకుని తల వంచాడు.

"మూడుసార్లు పిలవడమైనది. వాది రాలేదు. కొట్టివేయడమైనది" అన్నారు జడ్జిగారు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. కోర్టు కట్టిన నాటినుంచీ అంత చురుగ్గా న్యాయం జరగలేదు. బయట ఎవరికీ ఏం జరుగుతోందో తెలియదు, నూకరాజుకు మాత్రమే తెలుసు. ఎదురుగా ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషిని చూస్తూ, ఆ మనిషి పేరే పిలుస్తున్నాడు. ఆ మనిషి అతన్నే చూస్తున్నాడు. ఆ గట్టు తగాదా రైతు ఒక్కడి ఏడుపుకే తట్టుకోలేకపోయినవాడు, ఆ పూట పదిమందిని తన నోటితో ముంచాడు. కన్నీళ్లు కారిపోతున్నాయి. అవి కూడా సంతోషమనే అనుకున్నారు కొందరు.

తర్వాతది చేగోడీ దావా. ప్రమాణ చేగోడీ నమిలి దవడలు జారినవాళ్లంతా కలిసి, ఇకముందు ఎవరిచేతా దాన్ని నమిలించకుండా నిలుపుదల ఉత్తర్వు కావాలని వేసింది. వాళ్లు గోడవార వరసగా, తలలకు తువ్వాళ్లు కట్టుకుని, నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

"ఆ… ఆ…" అని పిలిచాడు నూకరాజు.

మూడో పిలుపు అవసరం కాలేదు. గోడవార ఉన్నవాళ్లందరూ ఒక్కసారి లేచి "ఆ!" అన్నారు. ఆ బాధలో ఉన్నవాళ్లకు ఆ పిలుపు స్పష్టంగా అర్థమైంది.

తర్వాత ప్రతివాది. డాక్టర్ విశ్వపతిగారు కారు పక్కన కోటు వేసుకుని ఫోన్లో మాట్లాడుతున్నారు. నూకరాజు సరిగ్గా ఆయన వైపు తిరిగి మూడుసార్లు పిలిచాడు. ఆయన చిరాగ్గా చూసి, అవతలికి తిరిగి మాట్లాడుకున్నారు. లోపల జడ్జిగారు కలం తీశారు. ప్రతివాది గైర్హాజరు, వాదులు కోరిన ఉత్తర్వు మంజూరు.

సంగతి తెలిసి డైరెక్టరుగారు లోపలికి దూసుకొచ్చారు. "అన్యాయం! నా పేరు ఎవరూ పిలవలేదు! ఆ మనిషి ఏదో ఆ అన్నాడు. దవడ జారినవాడు పేరెలా పిలుస్తాడండీ?"

"దవడ జారిందా?" జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని సర్టిఫికెట్ పైకెత్తారు. "అత్యుత్తమం అని మీరే సంతకం చేశారే. ఇది తప్పని ఒప్పుకోండి, ఇప్పుడే ఉత్తర్వు రద్దు చేస్తాను. పొద్దున్న కొట్టేసిన దావాలు కూడా లేపుతాను. ఒప్పే అంటారా, అయితే మిమ్మల్ని మూడుసార్లు పిలిచినట్టే. ఏమంటారు?"

డైరెక్టరుగారు మొదటిసారి తెరవైపు కాకుండా మనిషి వైపు చూశారు. తెరుచుకున్న నోరు, తడిసిన బిళ్ల, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. నూకరాజు ఆయన్నే చూస్తూ చేతులు జోడించాడు. తప్పు జరిగింది అన్న రెండు మాటలు చాలు. ఆ మాట వస్తే నూకరాజు నోరు సరిచేయడానికి వెనకాలే డాక్టరమ్మ కూర్చుని ఉంది కూడా.

డైరెక్టరుగారు చూపు తిప్పుకుని, సర్టిఫికెట్ మీది తన సంతకం వైపు చూసుకున్నారు.

"చిత్రం తప్పు చెప్పదు" అన్నారు చివరికి. "ఆయన పిలిచే ఉంటారు. లోపం నా చెవుల్లో ఉండి ఉండాలి." బయటికి నడుస్తూనే ఫోన్ తీసి, వినికిడి కండరాల చిత్రీకరణకు యంత్రాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమని జగ్గారావుకు చెప్పారు.

డాక్టర్ మెహరున్నీసా ఇక సాక్ష్యం కోసం ఆగలేదు. నూకరాజును వరండా మెట్టుమీద కూర్చోబెట్టి, బొటనవేళ్లకు రుమాలు చుట్టుకుని, కింది దంతాల మీద పెట్టి, కిందికీ వెనక్కీ నొక్కింది. టక్కుమంది. నోరు మూతపడింది. గోడవార వాళ్లు అప్పటికే ఆవిడ ముందు వరస కట్టారు.

నూకరాజు అన్న మొదటి మాట "అమ్మా". రెండో మాట పొద్దున్న కొట్టేసిన మొదటి దావా వాది పేరు. మెట్టుమీద కూర్చునే, మెల్లగా, ఒక్కొక్కరి పేరూ పిలిచి, దావా తిరిగి లేపమని ఇవాళే అర్జీ పెట్టుకోమని చెప్పాడు. ఆ అర్జీలతో ఆ నెల ఆ కోర్టు నడిపిన కేసుల లెక్క జిల్లాలోకెల్లా పెద్దదైంది, జడ్జిగారికి మంచి పేరు వచ్చింది.

*

నాలుగు రోజుల్లో దవడ సంస్థ నుంచి తాఖీదు వచ్చింది. ధ్రువీకరింపబడిన దవడను అనధికారిక వేళ్లచే మార్పించుకొనియున్నందున, ప్రస్తుత దవడకును చిత్రములోని దవడకును పోలిక లేనందున, సదరు సర్టిఫికెట్ రద్దు చేయడమైనది. తిరిగి చిత్రీకరణకు హాజరు కావలెను. అంతవరకు రికార్డు గది అని కోర్టు వాళ్లు కింద రాసి పంపారు. వేళ్లు పెట్టినందుకు మెహరున్నీసాను సస్పెండ్ చేశారు. ఆవిడ ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డవతల పాత సైకిలు షాపులో రెండు స్టూళ్లు వేసుకుని, వచ్చినవాళ్ల దవడలు చూడటానికి కూర్చుంది.

నూకరాజు బిళ్ల పట్టీ వేసుకుని, పాపాయమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. గేటు దగ్గర తాటిచెట్టంత బోర్డు నిలబెట్టారు. దానిమీద అతని మొహమే. నోరు బావురుమని తెరుచుకుని ఉంది, కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. కింద పెద్ద అక్షరాలతో, "నమిలాడు, నయమయ్యాడు, నోరారా నవ్వుతున్నాడు" అని రాశారు.

బోర్డు కింద వరుసలో కూర్చున్న రోగుల ఒళ్లో తలా ఒక పొట్లం ఉంది. కోర్టు ఉత్తర్వులో చేగోడీ అని మాత్రమే ఉందట. ఉపసంఘం ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే సమావేశమై జంతికను ఆమోదించింది.

జగ్గారావు ఎదురొచ్చాడు. "రండి రండి. మీ బోర్డు చూశారా? జిల్లా అంతా పెట్టిస్తున్నాం. ఇదిగో, జంతిక. ఇది కొంచెం మెత్తన. గచ్చుతో సమానమని ఇంజినీర్లు రాశారు, అంతే. మీ నోరు ఆ బొమ్మలో ఉన్నంత తెరుచుకుంటే చాలు, వరండా మీదే."

నూకరాజు జంతిక అందుకోలేదు. బోర్డు వైపు చూశాడు. ఊరందరూ నవ్వు అనుకుంటున్న ఆ నోట్లో నొప్పి ఎంతుందో తనకొక్కడికే తెలుసు. పక్కనున్న పాపాయమ్మకు తెలుసు. వరండా ఇక రాదని కూడా అప్పుడే తెలిసింది. అసహ్యం వేసింది, ఆ బొమ్మ మీద కాదు, దాన్ని చూసి తనను కొలుస్తున్నవాళ్ల మీద.

పట్టీ సర్దుకున్నాడు. వరండాలో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, బోర్డు మీది మొహానికి ఎదురుగా గొంతెత్తాడు.

"వాసంశెట్టి నూకరాజూ!"

వరుసలో అందరూ ఉలిక్కిపడ్డారు. మేడమీద కిటికీలో డైరెక్టరుగారు కనిపించారు, రెండు చెవులకూ ఏవో తీగలు తగిలించుకుని.

"వాసంశెట్టి నూకరాజూ!"

బోర్డు మీది నోరు తెరుచుకునే ఉంది. రోడ్డవతల సైకిలు షాపులోంచి మెహరున్నీసా లేచి గుమ్మంలోకి వచ్చింది.

"వాసంశెట్టి నూకరాజూ!"

మూడో పిలుపు గేటు దాటి, రోడ్డు దాటి వెళ్లిపోయింది. నూకరాజు కాసేపు ఆగాడు. తర్వాత వరుస వైపు తిరిగి, చేతులు కట్టుకుని, తల వంచి చెప్పాడు.

"పిలిచినా పలకలేదండి."

ఆ మాట తర్వాత ఏం జరగాలో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వరుసలో ముందున్న ముసలామె జంతిక పొట్లం జగ్గారావు బల్లమీద పెట్టి, చెంగు దులుపుకుని, రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూసింది. ఆమె వెనక మిగతావాళ్లు లేచారు.